అమెరికాలో జాతి వివక్ష: చట్టాలు పోయాక మిగిలినవి

అమెరికాలో ఒంటి రంగును బట్టి మనిషి హక్కులకు కోత పెట్టే చట్టాలు 1960ల చివరికల్లా దాదాపు అన్నీ పోయాయి. 1964 నాటి పౌరహక్కుల చట్టం హోటళ్లలో, సినిమా హాళ్లలో, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. 1965 నాటి ఓటుహక్కు చట్టం దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారిని ఓటుకు దూరం పెట్టిన అక్షరాస్యత పరీక్షలకు అడ్డుకట్ట వేసింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇళ్ల అమ్మకాల్లోనూ అద్దెల్లోనూ రంగు చూడరాదన్న చట్టం వచ్చింది. ఇదంతా జరిగి అర్ధ శతాబ్దం దాటింది. అయినా ఆస్తి, ఆయుర్దాయం, బడి, జైలు, ఏ లెక్క తీసినా నల్లజాతి వారికీ తెల్లజాతి వారికీ నడుమ ఎడం పూడలేదు.

ఈ ఎడానికి నేటికీ సాగుతున్న వివక్ష ఒక కారణం. అంతకన్నా మొండిది ఇంకొకటి ఉంది. వివక్ష చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో ఎవరికి ఏ పేటలో ఇల్లు దక్కిందో, ఎవరికి దక్కలేదో ఆ లెక్కే పిల్లలకూ మనవలకూ చేరుతూ వస్తోంది. బడికి వచ్చే నిధులు, ఇంటి ధర, తాగే నీళ్లు, పోలీసు గస్తీ అన్నీ చిరునామాతోనే ముడిపడి ఉన్నాయి. ఇది ఇలాగే సాగిపోవడానికి ఇప్పుడు ఎవరూ ఎవరినీ ద్వేషించనక్కర్లేదు. అందుకే ఈ వ్యాసంలో ఇంటి సంగతికే ఎక్కువ చోటు.

నేపథ్యం

1619లో వర్జీనియా తీరంలో తొలి ఆఫ్రికన్ బందీలు దిగింది మొదలు 1865లో రాజ్యాంగ 13వ సవరణ వచ్చేదాకా 246 ఏళ్లు బానిసత్వం సాగింది. ఆ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా చేయించే వెట్టిని మాత్రం మినహాయించింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందును వెంటనే పట్టుకున్నాయి. పనీపాటా లేకుండా తిరగడాన్నే నేరంగా మార్చి, పట్టుబడిన నల్లవారిని గనులకూ తోటలకూ కిరాయికిచ్చాయి. నల్లవారిని వేరుగా ఉంచినా సమానంగా చూస్తే చాలునని 1896లో ప్లెస్సీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బడుల విషయంలో ఆ మాట చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో అదే కోర్టు తేల్చింది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. అంతగా తెలియనిది 1930ల నాటి న్యూడీల్ అనే ప్రభుత్వ పథకాల కథ. అమెరికా మధ్యతరగతిని ప్రభుత్వమే చేయిపట్టి నిలబెట్టిన కాలమది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం ముసలితనానికి పింఛను ఇస్తానంది, కానీ పొలం పనివారినీ ఇళ్లలో పనిచేసేవారినీ వదిలేసింది. ఆ రోజుల్లో నల్లజాతి శ్రామికుల్లో అధికులు ఈ రెండు పనుల్లోనే ఉండేవారు. చట్టంలో రంగు ఊసే లేదు. అయినా ఫలితం రంగును బట్టే వచ్చింది. తర్వాతి తొంభై ఏళ్ల కథలో ఈ పద్ధతి పదేపదే కనిపిస్తుంది.

ఇల్లు, నేల, ఆస్తి

మహామాంద్యంలో ఇళ్ల అప్పులు తీర్చలేక లక్షల కుటుంబాలు రోడ్డున పడుతుంటే, 1933లో ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌ను పెట్టింది. ఆ సంస్థ 1935-40 మధ్య 200కు పైగా నగరాల్లో పేటపేటనూ మదింపు చేసి పటాలు గీయించింది. మేలైన పేటకు ఆకుపచ్చ, ఆ తర్వాతి దానికి నీలం, దిగజారుతున్న దానికి పసుపు, అప్పు ప్రమాదమనుకున్న దానికి ఎరుపు. రెడ్‌లైనింగ్ అన్న పేరు ఈ ఎరుపు నుంచే వచ్చింది. ప్రతి పేటకూ మదింపుదారు నింపిన ఒక పేజీ ఫారం ఉండేది. అందులో ఇళ్ల వయసు, మరమ్మతుల స్థితి, అద్దెలు రాసే గళ్ల పక్కనే నీగ్రోలు ఉన్నారా, ఉంటే ఎంత శాతం, కొత్తగా ఎవరు చొరబడుతున్నారు అని అడిగే గళ్లు కూడా అచ్చయి ఉన్నాయి. నల్లవారు ఉన్న పేటకు దాదాపు ఎప్పుడూ ఎరుపే పడేది.

ఆ పటాల మీదే నెపమంతా వేయడం పూర్తిగా సరికాదని ఇటీవలి చరిత్రకారుల మాట. ఆ సంస్థ స్వయంగా ఎర్ర పేటల్లో కూడా చాలా అప్పులిచ్చింది. అసలు దెబ్బ 1934లో మొదలైన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్‌ది. బ్యాంకు ఇచ్చే ఇంటి అప్పుకు ఇది బీమా ఇచ్చేది. బీమా ఉంటే బ్యాంకుకు భయం లేదు, కొనేవాడికి వడ్డీ తక్కువ, వాయిదాలు ఎక్కువ. నల్లవారు ఉన్న పేటల్లో, వారు రాబోయే పేటల్లో ఆ బీమా దొరికేది కాదు. పైగా నల్లవారికి అమ్మరాదన్న షరతును దస్తావేజుల్లో రాయించుకోవడం మంచిదని ఆ సంస్థ మార్గదర్శక పుస్తకమే సలహా ఇచ్చింది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత గానీ అవి చట్టవిరుద్ధం కాలేదు. పాత దస్తావేజుల్లో ఆ వాక్యాలు ఇవాళ్టికీ బయటపడుతుంటాయి.

డెట్రాయిట్ నగరపు ఎయిట్ మైల్ ప్రాంతంలో దీనికి కంటికి కనిపించే సాక్ష్యం ఉంది. 1941లో ఒక బిల్డరు అక్కడ తెల్లవారి కోసం ఇళ్లు కట్టబోతే, పక్కన నల్లవారి పేట ఉందని బీమా నిరాకరించారు. ఆయన రెండు పేటల నడుమ ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున కాంక్రీటు గోడ లేపాడు. బీమా మంజూరైంది. గోడ ఇప్పటికీ ఉంది. రెండు వైపులా ఇప్పుడు నల్లవారే ఉంటున్నారు. ఒక పార్కు పక్కన పడే భాగం మీద స్థానికులు రంగురంగుల బొమ్మలు వేశారు.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 చట్టం కింద చౌకగా ఇంటి అప్పులు దొరికాయి. న్యూయార్క్ శివార్లలోని లెవిట్‌టౌన్ ఆ కాలానికి గుర్తు. 1947 నుంచి నాలుగైదేళ్లలో అక్కడ 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. తెల్లవారు కానివారు అక్కడ నివసించరాదని తొలి ఒప్పంద పత్రాల్లోనే ఉండేది. 1949లో 7,990 డాలర్లకు అమ్మిన ఆ ఇళ్లు ఇప్పుడు 5 లక్షల డాలర్లు దాటి పలుకుతున్నాయి. ఆ పెరుగుదలే పిల్లల కాలేజీ ఫీజైంది, కొత్త వ్యాపారానికి పెట్టుబడైంది, ముసలితనంలో ధీమా అయింది. అదే యుద్ధంలో పోరాడి వచ్చిన నల్లజాతి సైనికుడికి అక్కడ ఇల్లు దొరకలేదు, అప్పు దొరకడమూ అరుదే.

బ్యాంకు మొహం చాటేస్తే మిగిలింది కాంట్రాక్టు కొనుగోలు. షికాగోలోని నార్త్ లాన్‌డేల్‌లో ఇది పెద్ద ఎత్తున సాగింది. దళారి ఒక ఇంటిని చౌకగా కొని, దాదాపు రెట్టింపు ధరకు నల్లజాతి కుటుంబానికి వాయిదాల మీద అమ్మేవాడు. చివరి వాయిదా కట్టేదాకా దస్తావేజు దళారి పేరునే ఉంటుంది. ఒక్క వాయిదా తప్పితే ఇల్లు పోతుంది, అప్పటిదాకా కట్టిన సొమ్మూ పోతుంది. మరమ్మతులు, పన్నులు మాత్రం కొన్నవారివే. 1968లో ఆ పేటవాసులు సంఘం పెట్టుకుని వాయిదాలు ఆపేసి పోరాడారు. కొన్ని కాంట్రాక్టులు మారాయి గానీ, కోర్టులో వేసిన కేసులు నెగ్గలేదు.

ఆ తర్వాత రోడ్లు వచ్చాయి. 1956 చట్టంతో దేశమంతా అంతర్రాష్ట్ర రహదారులు వేస్తూ, భూమి చౌకగా దొరికే చోటు, గొడవ చేసే పలుకుబడి లేని చోటు వెతుక్కున్నారు. డెట్రాయిట్‌లో దుకాణాలతో, జాజ్ క్లబ్బులతో కళకళలాడిన హేస్టింగ్స్ వీధి ఫ్రీవే కింద పోయింది. సెయింట్ పాల్‌లో రాండో పేటను 94వ నంబరు రహదారి నిలువునా చీల్చింది. న్యూ ఆర్లీన్స్‌లో క్లైబోర్న్ అవెన్యూలో జనం పండగలు చేసుకునే ఓక్ చెట్ల వరసను 1966లో నరికేసి పైన వంతెన రోడ్డు కట్టారు.

వీటన్నిటి ఫలితం లెక్కల్లో చూడవచ్చు. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబపు మధ్యస్థ సంపద 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900 డాలర్లు. ఆదాయంలో తేడా ఇంత లేదు. తేడా అంతా కూడబెట్టినదాంట్లో, అందులోనూ ఇంట్లో ఉంది. తెల్లజాతి కుటుంబాల్లో నూటికి డెబ్బైకి పైగా సొంతింటి వారే, నల్లజాతి వారిలో సుమారు 45. సొంతిల్లు ఉన్నా ధరలో తేడా తప్పదు. ఇంటి నాణ్యత, పరిసరాల్లోని సదుపాయాలు ఒకేలా ఉన్నచోట కూడా నల్లవారు ఎక్కువగా ఉండే పేటల్లో ఇళ్ల విలువ 23 శాతం తక్కువ ఉందని 2018లో బ్రూకింగ్స్ సంస్థ అధ్యయనం తేల్చింది. ఎండ కూడా తేడా చూపిస్తోంది. 108 నగరాలను పరిశీలించిన 2020 నాటి అధ్యయనం వాటిలో 94 శాతం నగరాల్లో పాత ఎర్ర పేటలు వేసవిలో మిగతావాటికన్నా వేడిగా ఉన్నాయని, సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ తేడా ఉందని చూపింది. చెట్లు నాటింది ఒకచోట, తారు పోసింది ఒకచోట.

బడి

అమెరికాలో ప్రభుత్వ బడి నిధుల్లో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ల ధర ఎక్కువ ఉన్నచోట తక్కువ రేటుకే ఎక్కువ పన్ను రాలుతుంది. ఇది అన్యాయమని టెక్సస్‌లోని ఒక పేద స్కూల్ డిస్ట్రిక్ట్ తల్లిదండ్రులు వేసిన కేసును 1973లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడు మిలికెన్ కేసులో, డెట్రాయిట్ నగరపు బడుల్లో రంగు వేర్పాటు పోగొట్టడానికి చుట్టూ ఉన్న శివారు డిస్ట్రిక్టులను కలపడం కుదరదంది. తెల్లవారు శివార్లకు తరలిపోయాక నగరంలో కలపడానికి మిగిలింది ఎవరన్న ప్రశ్నకు ఆ తీర్పులో జవాబు లేదు. 1954 తీర్పు సగం ప్రాణం ఇక్కడే పోయిందంటే తప్పు కాదు.

డల్లాస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబం ఏజెంటును మొదట అడిగేది స్కూల్ డిస్ట్రిక్ట్ ఎలాంటిదనే. రేటింగ్ పదికి తొమ్మిదా ఎనిమిదా అని చూసుకుని, అందుకోసం లక్ష డాలర్లు ఎక్కువైనా పెడతారు. పిల్లల చదువు కోసం ఎవరైనా చేసేదే. కానీ ఆ రేటింగుకూ, ఆ ఇంటి ధరకూ, పాత పటాల్లోని రంగులకూ చాలాచోట్ల బంధుత్వం ఉంది. పటం గీసినవారితో ఏ సంబంధం లేనివారు కూడా ఆ పటాన్ని బతికించగలరు.

పోలీసు, కోర్టు, జైలు

1986 చట్టం 5 గ్రాముల క్రాక్ కొకెయిన్‌కు వేసిన అయిదేళ్ల కనీస శిక్షనే 500 గ్రాముల పొడి కొకెయిన్‌కు వేసింది. మత్తుమందు ఒకటే, రూపం వేరు. క్రాక్ కేసుల్లో పట్టుబడినవారు ఎక్కువగా నల్లవారు. 100కు 1గా ఉన్న ఈ నిష్పత్తిని 2010లో 18కి 1గా తగ్గించారు, సమానం మాత్రం చేయలేదు. జనాభాలో నూటికి 14 మంది ఉన్న నల్లవారు జైలు ఖైదీల్లో దాదాపు మూడో వంతు ఉన్నారు.

మిస్సోరీలోని ఫెర్గూసన్‌లో 2014లో మైకేల్ బ్రౌన్ అనే యువకుణ్ణి పోలీసు అధికారి కాల్చి చంపాక కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపింది. 2015లో వచ్చిన నివేదిక చదివితే పట్టణ ఖజానా ఎలా నిండుతోందో తెలిసింది. జనాభాలో నల్లవారు 67 శాతం, పోలీసులు ఆపిన వాహనాల్లో 85 శాతం, అరెస్టుల్లో 93 శాతం. జరిమానాల రాబడి పెంచమని పట్టణ అధికారులు పోలీసుల మీద ఒత్తిడి తెచ్చారు. పార్కింగ్ జరిమానా కట్టలేకపోతే కోర్టు వాయిదా, వాయిదాకు రాకపోతే వారంటు, వారంటుకు మరో జరిమానా. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యను ప్రపంచమంతా చూసింది. ఫెర్గూసన్ నమూనా మాత్రం కెమెరాలకు చిక్కేది కాదు.

జైలు నుంచి వచ్చాక ఓటు సంగతి. ఫ్లోరిడాలో శిక్ష పూర్తిచేసినవారికి ఓటుహక్కు తిరిగివ్వాలని 2018లో ఓటర్లు దాదాపు 65 శాతం మద్దతుతో తీర్మానించారు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్ర శాసనసభ జరిమానాలు, కోర్టు ఫీజులు తీర్చాకే ఓటని మెలిక పెట్టింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చేముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న 1965 ఓటుహక్కు చట్టపు ఏర్పాటును 2013లో షెల్బీ కౌంటీ కేసు నిర్వీర్యం చేసింది.

ఆసుపత్రి

అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖ దాదాపు 400 మంది నల్లజాతి సిఫిలిస్ రోగులకు జబ్బు సంగతి చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో గమనించింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు. నల్లవారికి వైద్యుల మీద ఉన్న అపనమ్మకానికి ఇదొక్కటే కారణమనుకోనక్కర్లేదు, దాని తర్వాత వచ్చినవీ చాలానే ఉన్నాయి.

కొన్ని వివక్షలు లెక్కల సూత్రాల్లో దాక్కున్నాయి. మూత్రపిండాల పనితీరును అంచనా వేసే సూత్రంలో రోగి నల్లజాతి అయితే ఫలితాన్ని కాస్త పెంచి చూపేవారు. దాంతో జబ్బు ముదిరినా కాగితం మీద మెరుగ్గా కనిపించి, మార్పిడి జాబితాలో పేరెక్కడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ సవరణను తీసేశారు. ఆపైన పాత తప్పును దిద్దుతూ 2024 వసంతానికి 14 వేలకు పైగా నల్లజాతి రోగులకు జాబితాలో సీనియారిటీ కలిపారు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటరు సంగతీ ఇలాంటిదే. తెల్లవారితో పోలిస్తే నల్లవారిలో ప్రమాదకరంగా పడిపోయిన ఆక్సిజన్‌ను అది దాదాపు మూడింతలు ఎక్కువసార్లు పసిగట్టలేకపోయిందని 2020లో మిషిగన్ పరిశోధకులు చూపారు. కోవిడ్ మధ్యలో తెలిసిన సంగతి ఇది.

మరొకటి 2019లో బయటపడింది. ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేల్చే ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రోగి జబ్బుకు బదులు అతని మీద అప్పటిదాకా అయిన ఖర్చును కొలతగా తీసుకుంది. అంతే జబ్బున్నా నల్లజాతి రోగి మీద ఖర్చు తక్కువ అవుతుంది కాబట్టి అతను ఆరోగ్యవంతుడని లెక్క. ఆ లోపం దిద్దితే సాయానికి ఎంపికయ్యే వారిలో నల్లజాతి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. బాలింత మరణాల్లో తేడా మరీ భయంకరం. 2023లో లక్ష కాన్పులకు తెల్లజాతి స్త్రీలలో 14.5 మరణాలుంటే నల్లజాతి స్త్రీలలో 50.3.

ఉద్యోగం

షికాగో, బోస్టన్ నగరాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు దాదాపు 5 వేల బయోడేటాలు పంపి, పేర్లు మాత్రం మార్చి చూశారు. ఎమిలీ, గ్రెగ్ వంటి పేర్లకు లకీషా, జమాల్ వంటి పేర్లకన్నా 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయని 2004లో ప్రకటించారు. మిల్వాకీలో సామాజిక శాస్త్రవేత్త డెవా పేజర్ 2003లో వెలువరించిన ప్రయోగం ఇంకా గుచ్చుకునేది. జైలుకెళ్లొచ్చానని చెప్పిన తెల్లవాడికి 17 శాతం పిలుపులు, ఏ మచ్చా లేని నల్లవాడికి 14 శాతం.

ఇతర జాతులు

వివక్ష నల్లవారితో ఆగలేదు. 1887 డాస్ చట్టంతో తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచడం మొదలయ్యాక, ఆదివాసుల చేతిలోని 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు కుదించుకుపోయాయి. 1942లో సుమారు 1,20,000 మంది జపనీస్ సంతతి వారిని శిబిరాల్లో నిర్బంధించారు. వారిలో అధికులు అమెరికా పౌరులే.

భారతీయులకూ ఇందులో వాటా ఉంది. భగత్‌సింగ్ తింద్ అనే మాజీ సైనికుడు పౌరసత్వం కోరితే, సామాన్యుల దృష్టిలో భారతీయులు తెల్లవారు కారని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన పలువురు దాన్ని పోగొట్టుకున్నారు. 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు, తెరిచాక కూడా ఏడాదికి వంద మందికే వలస అనుమతి. దేశాలవారీ కోటాలను ఎత్తేసిన 1965 వలస చట్టం పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన వాతావరణంలోనే పుట్టింది. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా చేరింది ఆ దారినే. ఆసియన్లు ఎదిగారు కదా, నల్లవారికేమైంది అనే వాదన తెలుగువారి విందుల్లోనూ వినిపిస్తుంటుంది. 1965 తర్వాత వచ్చినవారిలో చాలామంది చదువును బట్టి ఏరి తెచ్చుకున్నవారన్న సంగతి ఆ వాదన మర్చిపోతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేథాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఇంజినీరును, తన దేశం విడిచి పొమ్మంటూ కాల్చి చంపినవాడు ఆయన చదువు అడగలేదు.

వాదోపవాదాలు

అంతరమంతా వివక్ష ఫలితమేనా అన్నది తెగని చర్చ. నల్లజాతి ఆర్థికవేత్త థామస్ సోవెల్ కుటుంబ నిర్మాణానికీ, సంస్కృతికీ, సంక్షేమ పథకాల దుష్ఫలితాలకూ ఎక్కువ ప్రాధాన్యమిస్తారు. సామాజిక శాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ 1978లో రంగుకన్నా వర్గమే ఇప్పుడు బలమైన కారణమని వాదించి దుమారం రేపారు. వీరి చేతిలో లెక్కలు లేకపోలేదు. నల్లజాతి వారిలో పేదరికం 1959లో 55 శాతం, 2022లో 17 శాతం. ఇది చిన్న మార్పు కాదు. దీన్ని చూడనట్టు నటించే రాతలు నమ్మదగినవి కావు.

అయితే వర్గం మాత్రమే కారణమంటే ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2018లో చూపిన సంగతికి సమాధానం దొరకదు. ఒకే ఆదాయమున్న కుటుంబాల్లో, ఒకే పేటలో పెరిగిన నల్లజాతి, తెల్లజాతి మగపిల్లలను తీసుకున్నా, దేశంలోని 99 శాతం పేటల్లో పెద్దయ్యాక నల్లజాతి వారి సంపాదనే తక్కువ. ఆడపిల్లల్లో ఈ తేడా దాదాపు లేదు. తల్లులూ ఇళ్లూ బడులూ ఒకటే అయినప్పుడు అన్నకు జరిగినది చెల్లెలికి ఎందుకు జరగలేదన్నది సంస్కృతి వాదానికీ చిక్కు ప్రశ్నే.

పరిహారం

జపనీస్ నిర్బంధితుల్లో బతికున్నవారికి 1988లో తలా 20 వేల డాలర్లు, క్షమాపణ దక్కాయి. బానిసత్వానికి పరిహారం గురించి అధ్యయనం చేయాలన్న బిల్లును కాంగ్రెస్ సభ్యుడు జాన్ కాన్యర్స్ 1989లో ప్రవేశపెట్టారు. అప్పటి నుంచి మళ్లీమళ్లీ పెడుతున్నా చట్టం కాలేదు. స్థానికంగా కొన్ని ప్రయత్నాలు జరిగాయి. కాలిఫోర్నియాలోని మాన్‌హటన్ బీచ్‌లో విల్లా, చార్లెస్ బ్రూస్ దంపతులు 1912 నుంచి నల్లవారి కోసం సముద్రతీరపు విడిది నడిపారు. పార్కు కడతామని పట్టణ పాలకులు 1924లో భూసేకరణ మొదలుపెట్టి ఆ నేల లాక్కున్నారు. తర్వాత దశాబ్దాల పాటు అది ఖాళీగానే పడి ఉంది. 2022లో లాస్ ఏంజలిస్ కౌంటీ దాన్ని వారి వారసులకు తిరిగి ఇచ్చింది. వారు మరుసటి ఏడాది దాదాపు 2 కోట్ల డాలర్లకు కౌంటీకే అమ్మేశారు. దస్తావేజు దొరికింది, వారసులు దొరికారు, తిరిగివ్వడానికి నేల ప్రభుత్వం చేతిలోనే ఉండింది. ఈ మూడూ కలిసిరావడం అరుదు.

ఇలినాయ్‌లోని ఎవాన్‌స్టన్ పట్టణం గంజాయి అమ్మకాల పన్నుతో నిధి పెట్టి, 1919-69 మధ్య అక్కడ నివసించిన నల్లజాతి వారికీ వారి సంతతికీ ఇంటి కోసం 25 వేల డాలర్ల చొప్పున ఇవ్వసాగింది. 2022లో తొలి 16 మందిని లాటరీలో ఎంపిక చేసింది. రంగును బట్టి సొమ్ము పంచడం రాజ్యాంగ విరుద్ధమంటూ 2024లో దాని మీద కేసు పడింది. 2023లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదన్నాక ఇలాంటి కేసులకు ఊపు వచ్చింది.

ఓక్లహోమాలోని టల్సాలో 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తెల్లజాతి మూకలు గ్రీన్‌వుడ్ అనే సంపన్న నల్లజాతి పేటను తగలబెట్టాయి. సుమారు 35 బ్లాకులు బూడిదయ్యాయి, దాదాపు 10 వేల మంది నిలువ నీడ కోల్పోయారు. బీమా కంపెనీలు చెల్లించలేదు. నూరేళ్లు దాటిన చివరి ఇద్దరు బాధితులు వేసిన దావాను 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. వారి గోడు న్యాయమైనదే కానీ, వారు ఆధారం చేసుకున్న ప్రజా ఉపద్రవ చట్టం కిందికి అది రాదని తీర్పు. 2025 జనవరిలో కేంద్ర న్యాయశాఖ ఆ ఘటన మీద సమగ్ర నివేదిక విడుదల చేస్తూ, నిందితులెవరూ బతికి లేనందున, గడువులు ముగిసినందున ఎవరి మీదా కేసు పెట్టే వీలు లేదని తేల్చింది.